పెన్న ఒడ్డున పురిటి నీళ్ళు

నెల్లూరికి పడమట సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున, బీరాపేరు వచ్చి పెన్నలో కలియు చోట, కామాక్షీసమేతుడైన సంగమేశ్వరుని ఆలయము నాశ్రయించుకొని వెలసిన సంగము గ్రామమునకు నీటిచరిత్ర ఘనమైనదే కలదు. 1880–90 నడుమ ఇచట నదికి అడ్డముగా ఆనకట్ట కట్టబడినది. కనిగిరి జలాశయమునకు నీరు మళ్ళినది. మెట్ట మాగాణి యైనది. నూరేండ్లకు పైబడి పనిచేసి ఆ కట్టడము జీర్ణింపగా, 2022 సెప్టెంబరు 6వ తేదీన క్రొత్త బ్యారేజి ప్రారంభమైనది. ఏ కాలువకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోయెనో, ఎన్ని యెకరములు పండెనో, ఎంత తీరువ వచ్చెనో ఇంజనీర్లును కలెక్టర్లును శ్రద్ధగా లెక్కలు వ్రాసిపెట్టిరి. అదే నదీజలమును బిందెతో తెచ్చి, కాగులో కాచి, పెరటిలో పొట్టిపీటపై కూర్చుండిన ముదుసలి తన కాళ్ళపై బోర్లించుకొన్న పసికందు వీపున పోసిన చెంబెడు నీటికి మాత్రము లెక్క వ్రాసినవా రెవ్వరును లేరు. ఆనకట్ట యెంత కాలము నిలిచినను ఆ చెంబెడు నీటి చరిత్ర అంతకంటె ప్రాచీనమైనది. తొలిచూలు తల్లి బెదరు తీర్చుటలో దాని పాత్ర మన మనుకొనుదానికంటె పెద్దది. దానినే ఇచట కొంత వివరింప నెంచితిని.

ముందుగా నీటి మాట. పెన్న యన్నది పండ్రెండు నెలలును నిండుగ పారు నది కాదు. వరదకాలమున ఒడ్డు లొరసికొని పారి, వేసవి వచ్చుసరికి ఇసుకతిన్నెలు మాత్రము మిగిల్చి పోవును. అట్టి దినములలో స్త్రీలు ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీటిని చిప్పలతో తోడి, బిందెల కెత్తుకొని ఇండ్లకు తెచ్చుకొనెడివారు. ఇసుకలో వడిసి వచ్చిన నీరగుటచే అది తేటగా నుండును. ఇంటిలో పురుడు వచ్చినదన్న ఆ నీటి ఖర్చు ఒక్కసారిగా రెండింత లగును. బాలింతకు వావిలాకు వేసి మరగించు నీరు వేరు, బిడ్డకు తొరిపి గోరువెచ్చగ చేయు నీరు వేరు, గుడ్డలకు వేరు. పొయ్యిలోనికి తుమ్మకట్టెలో తాటిమట్టలో కావలయును. చెల్లెలు నీరు మోయును, మేనత్త పొయ్యి రాజేయును, అమ్మమ్మ పిండి కలుపును, చాకలి స్త్రీ పురిటిగుడ్డలు కొనిపోవును. అరగంటలో ముగియు చంటిబిడ్డ స్నానమునకు వెనుక ఇందరి శ్రమ యుండెడిది. ఈ సంగతి గుర్తుంచుకొన్నగాని తరువాతి కథ బోధపడదు; ఏలయన నేడు ఆ పని యంతయు ఒక్క తల్లి చేతిమీద పడినది.

తొలికాన్పు పుట్టింట జరుగుట తెలుగునాట చిరకాలపు మర్యాద. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో కూతురిని తీసికొని వచ్చి, పురుడు పోసి, మూడవ నెలనో ఐదవ నెలనో తల్లిని బిడ్డను అత్తవారింట దిగబెట్టుట పుట్టింటివారి విధి. ప్రసవమైన యింట పదిదినములు మైల. ఇంటి వెనుకభాగమున గాలి వెలుతురు తక్కువగా నుండు గదిలో తల్లిని బిడ్డను ఉంచి, దేవతార్చన చేయువారును మగవారును ఆ దరిదాపులకు పోక, వంటయింటి గడప ఆమెను తొక్కనీయక, కంచము చెంబు వేరుచేసి, ఆమెను దూరముగ నుంచెడివారు. అట్టి గదిలోనికి నిరభ్యంతరముగ ప్రవేశింపగల వ్యక్తి మంత్రసాని. ఆమె పెక్కుచోట్ల, నేడు నాయీబ్రాహ్మణులని వ్యవహరింపబడు మంగలి కులమునకు చెందినది. 1909లో ఏడు సంపుటములుగ దక్షిణదేశపు కులములను వర్ణించిన థర్‌స్టన్ గూడ ఈ కులపు స్త్రీల మంత్రసానితనమును పేర్కొనినాడు. ఆమెకు ముట్టు ప్రతిఫలము కుంచములతో కొలిచిన వడ్లు, ఒక చీర, తలకు నూనె, తాంబూలము. మగబిడ్డ పుట్టినచో మరికొంత యెక్కువ, ఆడబిడ్డ యైనచో తరచుగ సణుగుడుతో కూడిన తక్కువ.

ఈ యేర్పాటులో ఒక వైపరీత్యము కలదు. లోకము ఎవరి చేతిని తక్కువగ చూచెనో ఆ చేతికే ఇంటి వంశాంకురమును తొలుదొలుత అప్పగించెను. మైలపేరిట అందరు దూరముగ తొలగుటచే, బెదరిన పదునైదు పదునారేండ్ల పిల్ల, నూరు పురుళ్ళు పోసిన అనుభవశాలిని యైన స్త్రీతో ఏకాంతముగ మెలగవలసి వచ్చెను. ఆచారము చేయబూనినది వేరు, దానివలన జరిగినది వేరు. 1929లో శారదాచట్టము వచ్చి ఆడపిల్లల పెండ్లియీడు పదునాలుగేండ్లకు తక్కువ కారాదనువరకు, ఈ తల్లులలో పెక్కుమంది ఇంకను బొమ్మరిల్లు మరువని పసివారే యన్న మాటయు మనము మరువరాదు. నాటివారు ధైర్యవంతులు, నేటివారు భీరువులు అనునది వట్టి మాట. నాటి పిల్లయు భయపడినది. ఆ భయమును పోగొట్టు మనిషి దినదినము ఇంటికి వచ్చెడిది, అంతియే భేదము.

ఇక స్నానపద్ధతి. దీనిని చూచినవారికి కొత్త లేదు గాని, కాగితముపై నిలిపినవారు అరుదు గనుక కొంత విస్తరించి చెప్పుదును. పొద్దు బారెడెక్కి పెరటిలో ఎండ పడిన పిమ్మటనే బిడ్డకు నీళ్ళు పోయుట. గాలి తగులకుండ ఒకవైపున తాటాకుతడిక నిలిపెడివారు. మంత్రసాని పొట్టిపీటపై కూర్చుండి, చీర మోకాళ్ళకు సవరించుకొని, రెండు కాళ్ళును జోడించి ముందునకు చాపును. ఆ జోడించిన కాళ్ళ నడిమి పల్లమే బిడ్డకు తొట్టి. తల పాదముల వైపున, కాళ్ళు ఆమె పొట్ట వైపున ఉండునట్లు పరుండబెట్టుటచే బిడ్డ ఎటును జారదు, ఆమె రెండు చేతులును ఖాళీగ నుండును. తడిసిన పసిమేను సబ్బుపట్టిన చేపవలె జారునని భయపడు నేటి తల్లులకు ఈ కూర్చుండు విధానమే సగము సమాధానము. మొదట మాడుపై ఆముదము అద్దును. ఆ మెత్తని చోట వ్రేలి బరువు కూడ మోపదు. చమురు తానై యింకవలయును. పిదప నువ్వులనూనె గోరువెచ్చగ చేసి అరచేతుల రాచుకొని, రొమ్మునుండి భుజములకు, తొడలనుండి మడమలకు పొడవుగా సాగదీసి మర్దించును. కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తాకించి, మరల సాచును. బోర్లించి వీపున నూగు పోవుటకై పిండిముద్దను దొర్లించును. అటుపైని పెసరపిండిలో చిటికెడు పసుపును మీగడయు కలిపి నలుగు పెట్టును.

నీరు పోయుటలో మరొక క్రమము. చెంబు ముంచుటకు ముందు మోచేతిని కాగులో ఆనించి వేడి చూచుకొనును. పనిచేసి మొద్దుబారిన అరచేయి వేడిని సరిగ చెప్పదని ఆమె యెరుగును. మొదటి నీరు పాదములపై, బిడ్డ ఉలికిపాటు తగ్గినపిదప నడుముపై, వీపుపై, కట్టకడపట తలపై. తలపై పోయునపుడు ఎడమచేతిని నుదుట అడ్డముంచి కన్నులలోనికి ముక్కులోనికి చుక్క పోనీయదు. చెంబును తొందరగ గుమ్మరింపదు, ఆపి ఆపియు పోయదు. ఒకే ధారగ పోయును. ఆ ధారకు అలవడిన బిడ్డ నాలుగైదు దినములలో ఏడుపు మాని కన్నులు విప్పి చూచును. చివరి చెంబెడు నీటిని బిడ్డచుట్టు త్రిప్పి, శ్రీరామరక్ష చెప్పి, ఆ నీరు దూరముగ పారబోయును. తడియొత్తుటకు పాత ధోవతిగుడ్డ. క్రొత్తగుడ్డ గరుకని దానిని తాకనీయరు. నిప్పులపై సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, ఆ పొగవేడిమికి తలవెండ్రుకలు ఆరబెట్టుదురు. బుగ్గను దిష్టిచుక్క, అరికాలను మరియొకటి. అప్పటికి బిడ్డ ఆకలిగొని యుండును. తల్లియొడిలో పాలు త్రాగి, పాతచీర ఉయ్యెలలో రెండు జాములు నిదురించును. ఆ రెండు జాములే తల్లికిని విశ్రాంతి.

ఈ సేపంతయు తల్లి యెచట నుండెడిది? గదిగుమ్మమున నులకమంచముపై. నా దృష్టిలో ఈ ఆచారచరిత్ర యంతయు ఆ మంచముపై కూర్చుండిన పిల్ల చూపులోనే యున్నది. ఆమెకు ఎవ్వరును బోధింపలేదు. మొదటి దినము చూచి, బిడ్డ మెడ విరిగిపోవునేమో యని కన్నులు మూసికొనినది. మూడవ దినము కన్నులు మూయలేదు. పదవ దినమున, ఆ చేయి మెడక్రింద నుండి యెట్లు పోవుచున్నదో గమనించినది. మంత్రసాని నోరు ఊరకుండదు: ఒంటికి పసిమి తిరిగినదా, బొడ్డు ఎండినదా, చంకలో చెమటపొక్కు లేచినదా, ఈ యేడుపు ఆకలిదా కడుపునొప్పిదా యని బిడ్డ మేనినంతటిని తడవుచు పైకి చెప్పుచునే యుండును. ఒక వైద్యుడు గదిలో పావుగంట చేయు పరీక్షకు అది తీసిపోదు. పైగా తల్లి వినుచుండగ జరుగునది. మూడవవారమున, "మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకోమ్మా, ఏం గాదు, నేనుళ్ళా" యని బిడ్డను ఆమెచేతి కందించును. బిడ్డ జారినచో పట్టుకొనుటకు రెండవచేయి క్రిందనే యున్నదన్న నమ్మకముతో ఆ పిల్ల తొలిసారిగ తన బిడ్డ మేనికి తానే నూనె రాచును.

దీనికి సమాజము ఒక ముద్రను కూడ వేసినది. పదకొండవనాడు పురిటిస్నానము, మైల తొలగుట, బారసాల. ఇరువదియొకటవనాడో మరియొక మంచిదినముననో బాలింతచేత నూతికి పసుపు కుంకుమ పెట్టించి, బావిలో చేద వేయించుట. పురిటిగదిలో ఇన్నాళ్ళు ఒకరు తెచ్చిపోసిన నీటితో బ్రతికిన స్త్రీ, ఆనాడు నలుగురి యెదుట తనచేత నీరు తోడుకొనును. శాస్త్రజ్ఞులు దీనికి శుద్ధి యని పేరుపెట్టిన పెట్టుదురు గాక. చేద తాడు ఆమె చేతికి ఇచ్చుటలో, ఇక నీవు నీ బిడ్డను సాకుకొనగలవని పదిమందిచే అనిపించుట కూడ కలదని నా కనిపించును.

అట్లని ఈ చిత్రమును చక్కెరపాకమున ముంచ నక్కరలేదు. అనేక గృహములలో ముదుసలి చేయి పైచేయియై, రెండవబిడ్డ పుట్టువరకు తల్లికి తన బిడ్డను స్నానము చేయించు భాగ్యమే దక్కెడిది కాదు. నీకేమి తెలియునన్న యొక్క మాట వేయిమార్లు విన్న పిల్లకు తన చేతిమీద నమ్మకము కలుగుట యెట్లు? ఆచారము విశ్రాంతి నిచ్చినది నిజము. కొన్నిచోట్ల ఆ విశ్రాంతికి వెలగా అధికారమును తీసికొన్నదియు నిజము.

అంతకంటె ఘోరమైన నిజము మరియొకటి. బొడ్డు కోయుటకు దొరికిన కత్తియో వెదురుచీలికయో. కోసినచోట బూడిదయో పేడయో. పేడలో ధనుర్వాతపు బీజము లుండునని నాడు ఎవరికి తెలియును? వారము తిరుగకముందే దవడలు బిగిసి, మేను విల్లువలె వంగి, పాలు త్రాగలేక మరణించిన శిశువులకు గ్రహము సోకినదని ఏడ్చి యూరకుండెడివారు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసి, వానికి మారుగ తేనెయో పంచదారనీరో గాడిదపాలో నాకించెడివారు. గొంతులోని తెమడ తీయుదునని వ్రేలు పోనిచ్చుట, చెవులలో ముక్కులో నూనెచుక్కలు వేయుట, పసిరొమ్ములను పిండుట, మూసిన గదిలో సాంబ్రాణి దట్టముగ పట్టుట — ఇవన్నియు ఆ ప్రేమగల చేతులే చేసిన పనులు. స్వాతంత్ర్యమునకు ముందు దేశారోగ్యమును పరిశీలించి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, 1937లో బ్రిటిషిండియాలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలోను 162 మంది ఏడాది నిండకుండ మరణించిరని చూపినది. పదిలో ఒకటికంటె ఎక్కువ ఉయ్యెలలు ఖాళీయైన లెక్క అది.

మన ప్రాచీనశాస్త్రమునం దీ విషయము లేకపోలేదు. సుశ్రుతసంహిత శారీరస్థానము పదవ యధ్యాయమున, జాతకర్మానంతరము శిశువునకు బలాతైలముతో అభ్యంగనము చేసి, పాలుగారు చెట్ల కషాయముతోనో, సుగంధద్రవ్యోదకముతోనో, వెండిని బంగారమును కాచి ముంచిన నీటితోనో స్నానము చేయింపవలయునని విధింపబడినది. సంగము మంత్రసాని సుశ్రుతుని పేరు విని యుండదు. అయినను నూనె ముందు, నీరు వెనుక అను క్రమము ఆమె చేతిలోను ఆ గ్రంథములోను ఒక్కటియే. శాస్త్రమునుండి వాడుక దిగివచ్చెనో, వాడుకను చూచి శాస్త్రకారుడు వ్రాసికొనెనో పండితులు తేల్చుకొందురు గాక.

సంస్కరణము పట్టణములనుండి వచ్చెను. చెన్నపట్టణమున ఎగ్మూరు ప్రసూతివైద్యశాల 1844లోనే నెలకొన్నది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరగా, ఆ మిషనువారు తరువాతి కాలమున అచట స్త్రీల కొరకు వైద్యశాల నడపిరి. తెల్లని దుస్తులు తొడిగిన దాదులను నెల్లూరిసీమ పల్లెజనము మొదట అచటనే చూచిరి. 1883లో వీరేశలింగముగారి సతీహితబోధిని, 1928లో డాక్టరు కె. ఎన్. కేసరిగారి గృహలక్ష్మి తెలుగు స్త్రీల చేతులలోనికి అచ్చుకాగితముపై హితవును తెచ్చినవి. కేసరిగారు పుట్టిన ఇనమనమెళ్ళూరు నాడు నెల్లూరు జిల్లాలోనిదే; ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాకు మారినది 1904లో గదా. 1903లో లేడీ కర్జన్ స్థాపించిన విక్టోరియా స్మారకనిధి దేశవాళీ మంత్రసానులకు శిక్షణ యిప్పించుటకు పూనుకొన్నది. 1926లో మద్రాసు రాజధానిలో దాదుల యొక్కయు మంత్రసానుల యొక్కయు నమోదునకు చట్టము వచ్చినది. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్యచట్టము తల్లుల, శిశువుల సంక్షేమమును స్థానికసంస్థల బాధ్యతలలో చేర్చినది.

ఈ ప్రయత్నము లన్నియు స్తోత్రార్హములే. ఇందులో ఒక్క లోపము మాత్రము ఆదినుండి కనబడుచున్నది. సంస్కర్తలు మంత్రసాని చేతిలోని మురికిని చూచిరి. ఆ చేతి యొడుపును చూడలేదు. ఆమె కత్తిని మార్చుటయు, గోళ్ళు తీయించుటయు, చేతులు సబ్బుతో కడిగించుటయు అత్యవసరము. కాని పురుడైన తరువాత ఆమె నలుబది దినములు వచ్చిపోవుట, బిడ్డను తల్లిచేతిలో పెట్టుట, ఆ పనిని ఎవ్వరును సేవగ లెక్కింపలేదు. నివేదికలలో ఆమె యొక యపాయముగనే మిగిలెను. నమోదు పొందిన దాది ప్రసవము చేసి వెళ్ళిపోవును. ఆమె పరిధిలో పది గ్రామము లున్నవి, మరునాటికి మరియొక యింట నుండవలయును. మరణములను ఆపుటకు చదువుకొన్న చేయి వచ్చినది. మనసు కుదుటపరచుటకు పాత చేయియే కొంతకాలము నిలిచినది. మద్రాసులో 1937లో దుర్గాబాయిగారు స్థాపించిన ఆంధ్రమహిళాసభ, చదువు తప్పిన స్త్రీలను దాదులుగ తీర్చిదిద్దుటలో ఈ రెండు చేతులను కలుపబూనిన అరుదైన సంస్థలలో నొకటి. 1952 అక్టోబరు 2న సామాజికాభివృద్ధి పథకము మొదలై, ప్రాథమికారోగ్యకేంద్రములు వెలసి, ఎ.ఎన్.ఎమ్. అను క్రొత్తపదము పల్లెలలో నలిగినది. శిక్షణ పొందిన మంత్రసానికి పెట్టె యొకటి యిచ్చి, చేయి, పక్క, బ్లేడు, దారము, బొడ్డు, అయిదింటి శుభ్రతను నేర్పిరి.

ఇచట చిన్న పక్కదారి. మన పట్టణములలో చదువుకొన్న యిండ్లు కాళ్ళపై నీళ్ళుపోయు పద్ధతిని మోటుదని మాని, తొట్టి స్నానమునకు మారుచున్న రోజులలోనే, ఫ్రెడరిక్ లెబోయర్ అను ఫ్రెంచి ప్రసూతివైద్యుడు కలకత్తా పేదవాడలో, నేలపై కాళ్ళు చాపుకొని తన బిడ్డకు నూనె మర్దించుచున్న శాంతల యను స్త్రీని చూచి ముగ్ధుడై, ఆ దృశ్యములను చిత్రములుగ తీసి, ఆమె పేరనే 1976లో గ్రంథము వెలువరించెను. ఐరోపాలో తల్లులు రుసుము చెల్లించి శిశుమర్దనము నేర్చుకొను తరగతులకు పోవుటకు ఆ పుస్తకము పురికొల్పినవానిలో నొకటి. ఆ తరగతులలో నేర్పు కూర్చుండుపద్ధతి సంగములో కుంచెడు వడ్లకు దొరికినదే!

ఇరువదియవ శతాబ్ది చివరిపాదమున మార్పు వేగము హెచ్చినది. 1992–93 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున ఆసుపత్రి ప్రసవములు మూడింట నొకవంతు మాత్రమే. 2019–21 సర్వేనాటికి నూటికి తొంబదియారు దాటినవి. 2005లో జననీ సురక్షా యోజనయు, అదే యేట 108 వాహనములును రాగా, నడిరేయి నొప్పులు పడు స్త్రీని ఎడ్లబండిపై నెల్లూరికి తరలింపవలసిన దుర్దినములు ముగిసెను. గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు వేయుటచే 2003లోనే ఆంధ్రప్రదేశము నవజాతశిశువుల ధనుర్వాతమును నిర్మూలించిన రాష్ట్రముగ దేశములో అందరికంటె ముందు ధ్రువీకరణము పొందినది. 2020 నాటికి రాష్ట్రమున శిశుమరణములు వేయికి 24కు దిగివచ్చినవి. 162కును 24కును నడుమనున్న యంతరము కేవల మంకెలది కాదు. ఈ ప్రగతి ముందు పాతకాలపు టాచారమును పొగడుటకు ఎవరికైనను నోరు సగమే లేచును.

స్నానమును గూర్చియు శాస్త్రము పాతపద్ధతిని దిద్దినది. పుట్టినవెంటనే కడుగుట కూడదు. శిశువు మేనిపై తెల్లని వెన్నవంటి పూత చలినుండి, సూక్ష్మజీవులనుండి కాపాడునది. కనీసము ఇరువదినాలుగు గంటలు ఆగవలయునని ప్రపంచారోగ్యసంస్థ 2013లో స్పష్టముగ చెప్పినది. బరువు తక్కువగ పుట్టిన బిడ్డకైనచో మరికొన్నాళ్ళు తుడుచుటయే చాలును. బొడ్డుపై ఏమియు పూయరాదు. చెవి ముక్కులలో నూనె వలదు, కంటికాటుక వలదు. ఇన్ని వలదులు విని, మూడవదినమునో, కోతప్రసవమైనచో వారము లోపుననో, తల్లి బిడ్డతో ఇల్లు చేరును. 2017 జూన్‌లో తెలంగాణమున బాలింతల కిచ్చుట మొదలైన కె.సి.ఆర్. కిట్టులో పదునారు వస్తువు లుండెడివి: సబ్బు, నూనె, పౌడరు, దోమతెర మొదలుగ. చక్కని కానుకయే. ఆ నూనె పసిమేనికి ఎంత బరువుతో రాయవలయునో సీసాపై చీటి చెప్పజాలదు. ఏమి చేయరాదో నేర్చిన తల్లికి, ఏమి చేయవచ్చునో ప్రక్కన కూర్చుండి చూపువారు కరువైరి. భయము అచట పుట్టినది. నాయనమ్మ మాట ఒకటి, నర్సు మాట ఒకటి, చరవాణిలో వీడియో చూపునది మరియొకటి. మువ్వురి నడుమ నీరు చల్లారును.

ఈ ఖాళీని గుర్తించినవారిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ముఖ్యులు. మన తెలంగాణపు సరిహద్దుననే యున్న మహారాష్ట్ర గడ్చిరోలిలో వారు గ్రామస్త్రీలకే శిక్షణ యిచ్చి, పుట్టిన బిడ్డ యింటికి మరల మరల పంపిరి. ఆ గ్రామములలో నవజాతమరణములు నూటికి అరువదివంతులకు పైగా తగ్గినవని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ యనుభవము ఆధారముగ 2011లో దేశమంతట ఆశా కార్యకర్తలకు గృహసందర్శన విధి యేర్పడినది: ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు మూడవ, ఏడవ, పదునాలుగవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలుబదిరెండవ దినములలో ఆరుమార్లు. ఈ వరుసను చూడుడు: పురుడైన పిమ్మట మంత్రసాని వచ్చిపోయిన ఆ నలుబది దినములే దాదాపుగ తిరిగి వచ్చినవి! ఆశా బిడ్డను తూచును, వేడిమి చూచును, ప్రమాదచిహ్నములు చెప్పును, కాగితము నింపును. ఆ కాగితములో, తల్లి తనచేత బిడ్డకు నీళ్ళు పోసికొనగలిగినదా యను గడి యొకటి చేర్చినచో, ఆమె మరికొంతసేపు పీటవేసికొని కూర్చుండునేమో యని నాకు తోచును. దాని కామెకు సమయమును జీతమును ఇయ్యవలయుననుట వేరుగ చెప్ప నక్కరలేదు.

తండ్రులను గూర్చి ఒక మాట. పాతపద్ధతిలో వారికి చోటే లేదు. మైలగదివంక తొంగిచూచిన మగవానిని నవ్వెడివారు. నేడు నెల్లూరిలో కాపురమున్న చిన్నకుటుంబములలో, భార్యకు కోతకుట్టు ఆరనపుడు, నీరు కలుపువాడును తువాలు పట్టువాడును అతడే. అమెరికాలో కాన్పైన తెలుగుపిల్లకై తల్లి సందర్శకుల వీసాపై ఆరునెలలు పోయి వచ్చుటయు మనము నిత్యము వినునదే. పెట్టెలో సున్నిపిండియు వసకొమ్మును సర్దుకొని పోయిన ఆ అమ్మమ్మ, అచటి స్నానపు గదిలో పీట లేక, బోర్లించిన బకెట్టుపై కూర్చుండి కాళ్ళు చాపునట. రెండవ నెలలో చెంబు అల్లునిచేతి కిచ్చి తాను ప్రక్కన నిలుచునట. పిల్లనిచ్చిన యత్త అల్లునికి బిడ్డ మెడ పట్టుకొనుట నేర్పు దృశ్యము సంగములో నూరేండ్ల క్రింద ఊహకైన అందనిది.

ఇక మంత్రసానివృత్తి యేమైనదందురా? పురుడు పోయు పని పూర్తిగ ఆసుపత్రికి పోయినది. నీళ్ళుపోయు పని మాత్రము వేరుపడి, జీతపు పనియై బ్రతికియున్నది. నెల్లూరివంటి పట్టణములలో బిడ్డకు నీళ్ళు పోయుటకు స్త్రీలు నెలజీతముపై వచ్చుచున్నారు. కులనియమము సడలినది, వడ్లకు బదులు రూపాయలు, తాంబూలమునకు బదులు ఒక కప్పు కాఫీ. ఉదయము నాలుగైదిండ్లు తిరుగవలసిన వారగుటచే వారికి తొందర యెక్కువ. బేరమాడునపుడు ఇంటివారు అడుగు ప్రశ్నలు నేను వింటిని: గోళ్ళు కత్తిరించుకొందువా, చేతులు కడుగుకొందువా, ముక్కులో నూనె వేయవు గదా. మూడును సరియైన ప్రశ్నలే. నాలుగవ ప్రశ్న ఒక్క యింట మాత్రమే వింటిని. అడిగినది బాలింత: మూడవవారమునుండి నాచేత పోయింతువా, అత్తా? అందు కా స్త్రీ, దానికి వేరుగ ఇయ్యనక్కరలేదులేమ్మా, పీట రెండోది తెచ్చి పెట్టుకో, అని బదులు చెప్పినది.